గోడ మీద లేని అక్షరాలు

మా ఆయనకు కోపం ముక్కుమీద ఉంటది, నాకు నాలికమీద ఉంటది. ఇద్దరం కలిసి సూరత్ ఉధ్నాల ఇన్నేండ్లు చష్మాల దుకాణం నడిపినమంటే అందుల మా గొప్పేం లేదు, అంతా గిరాకీల ఓపిక. ఆయన లోపటి క్యాబిన్ల కండ్లు చూసి నంబర్ రాస్తడు. నేను బయట కౌంటర్ ఎనక కూసోని ఆ నంబర్ అద్దాన్ని మిషన్ మీద అరగదీసి ఫ్రేముల బిగిస్త. మా నాయిన సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గాల మీదికి వచ్చినోడు. నేను ఈడనే పుట్టిన, ఈడనే పెరిగిన. గందుకే నా నోట్లె తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ కలిసే వస్తయి. తిట్టాలంటే మాత్రం తెలుగే.

ఆయన కండ్లు చూసే చదువు చదివి హైదరాబాద్ నుంచి వచ్చిండు. కొత్తల పెద్ద దుకాణంల నౌకరీ చేసిండు, పెండ్లయినంక సొంతంగ ఇది పెట్టుకున్నం. మా దగ్గరికి వచ్చేటోళ్ళు ఎక్కువ మనోళ్ళే. ఖాతాలల్ల, అంటే బట్టల కార్ఖానలల్ల, మగ్గాలు నడిపేటోళ్ళు, చీరెలకు రాళ్ళు అంటించే ఆడోళ్ళు. దారం కనపడకపోతే కూలి పోతది, గందుకని దగ్గరి చూపు జర తగ్గంగనే ఉరుక్కుంట వస్తరు.

క్యాబిన్ అంటే పెద్దదేం కాదు. ఒక కుర్చీ, ఒక పరదా, ఎదురుంగ గోడకు ఒక అద్దం. కుర్చీల కూసున్నోళ్ళ తల ఎనక అక్షరాల డబ్బా ఉంటది, లోపల బల్బు. జాగ తక్కువ కాబట్టి ఆ అక్షరాలను ఎదురుంగ ఉన్న అద్దంల చూసి చదవాలె. డబ్బా పక్కకు ఒక పిడి ఉంటది, తిప్పితే భాష మారుతది. గుజరాతీ, హిందీ, ఇంగ్లీషు ఉన్నయి. చదువు రానోళ్ళ కోసం మూడు కాళ్ళ గుర్తులు ఉన్నయి, ఆ కాళ్ళు ఎటు దిక్కున్నయో చెయ్యితోటి చూపిస్తే సాలు. తెలుగుది ఎక్కడా దొరకకపోతే మా ఆయననే నల్ల రంగుతోటి రాసి అతికిచ్చిండు. అద్దంల సక్కగ కనపడాలని అక్షరాలన్నీ తిరగేసి రాసిండు. ఆ వారమంతా ఇంట్ల ఏ కాయితం పట్టుకున్నా దాని మీద తిరగేసిన అక్షరాలే.

ఆ లైన్లన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఆయనకే కాదు, ఈ పని చేసే అందరికీ వస్తయి. పరదా ఇవతల కూసోని పొద్దందాక వినుకుంట వినుకుంట నాకే సగం వచ్చినయి. నోటికి వస్తయి కాబట్టే ఆయన అద్దం దిక్కు చూడడు, మనిషి ముఖం చూస్తడు. ఎవరు కండ్లు చిట్లిస్తున్నరు, ఎవరు మెడ వంచి దొంగతనంగ చదువుతున్నరు, ఎవరు అందాజగ చెప్తున్నరు, అన్నీ పట్టేస్తడు. "అక్షరాలు ఎటు పోతయే, ఆడనే ఉంటయి. మనిషిని చూడాలె" అనేటోడు. ఆ మాట నాకు శాన నచ్చేది. పది మందికి గొప్పగ చెప్పుకున్న సుత.

ఇగ మా మండలి సంగతి చెప్పాలె. ఊర్ల కండ్లు చూసేటోళ్ళు, చష్మాలు చేసేటోళ్ళు అంతా కలిసి పెట్టుకున్న మండలి అది. దానికి ఒక సహాయ నిధి ఉన్నది, మేమంతా ఫండు అంటం. నెలనెలా అందరం ఎవరికి తోచినంత వాళ్ళం ఏస్తం. మా అందర్ల ఎవరికన్న పెద్ద జబ్బు చేసినా, చెయ్యి పడిపోయినా, దుకాణం నడవక ఇల్లు గడవకపోయినా ఫండు ఆదుకుంటది. దానికి ఒక పద్ధతి ఉన్నది. ఆపదల ఉన్న మనిషి అడగొద్దు. ఆయన తరఫున ఇంకొక మెంబరు పెద్దమనిషి చెవిన ఏయాలె. అప్పుడు ఇద్దరు ఆ మనిషి దుకాణానికి పోతరు, అదీ గిరాకీల లెక్క. మంచిగున్న చష్మా స్క్రూను వాళ్ళే వదులు చేసుకొని "భాయ్, జర ఇది బిగించు" అనుకుంట కూసుంటరు. చాయ్ తాగుతరు, ముచ్చట పెడ్తరు, కండ్లతోటి అంతా చూసుకుంటరు. ఏం కావాల్నో అర్థమైనంక లేస్తరు. ఎవరికి ఏమిచ్చిన్రో ఆ ఇద్దరికి తప్ప తెల్వదు. మండలి మీటింగుల "ఒక మెంబరుకు ఆసరా అయినం" అని చదువుతరు, పేరు చదవరు. నేను సుత ఈడ ఎవరి పేరూ చెప్ప.

ఫండు పని చూసే ఆమెను మేమంతా మోటీబెన్ అంటం, అంటే పెద్దక్క. ఊర్లనే ఆల్థాన్ల ఉంటది. ఆమె సుత ఒకప్పుడు కండ్లు చూసినామెనే, వయసైనంక దుకాణం వదిలేసి ఈ పని మీద ఏసుకున్నది. గిరాకీ లెక్క పోవాల్సిన ఇద్దరిల ఒకరు ఎప్పుడూ ఆమెనే. రెండో మనిషి మా ఆయన.

ఆయన ఆ పనిని ఎంత ఇష్టంగ చేసేటోడో! పొయ్యేముందు మా కౌంటర్ మీదనే కూసోని తన చష్మా స్క్రూ తనే వదులు చేసుకునేటోడు. "మంచిగున్న చష్మా చెడగొట్టుకొని బజార్ల పోయేటోన్ని నిన్నే చూసిన" అని నేను ఎక్కిరిస్తే నవ్వేటోడు. సాయం వద్దని మొండికేసేటోళ్ళకు ఆయన చెప్పే మాట ఒకటుండేది. "ఇది బిచ్చం కాదు భాయ్, నువ్వు ఏసిందే నీకు తిరిగొస్తున్నది." ఆ మాటకు ఎంత గట్టోడైనా మెత్తబడేటోడట. ఇంటికి వచ్చి ఎవరి దుకాణానికి పోయిండో చెప్పేటోడు కాదు, గాని అన్నం తినేటప్పుడు ముఖం వెలిగిపోయేది.

ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గ తెల్వదు. ముందుగాల చాయ్ ఇచ్చే ఆయన తోటి కొట్లాట అయింది. ఎడమ దిక్కు నుంచి గ్లాసులు పట్టుకొని వస్తుంటే ఈయన లేచి అందుల చెయ్యి పెట్టిండు, చాయ్ అంతా మీద పడ్డది. "అడ్డమొచ్చి నిలబడ్తవేంది" అని మా ఆయన ఎగిరిపడ్డడు. ఆ చాయ్ ఆయన పాపం ఎప్పుడూ నిలబడే జాగలనే నిలబడ్డడు. తర్వాత షట్టర్ అంచు భుజానికి తాకుడు మొదలైంది. చీరెల పార్శిళ్ళ టెంపోకు స్కూటర్ గీసుకపోయింది. కంచంల ఎడమ పక్కకు తొక్కు ఏస్తే "తొక్కు ఏయలేదేందే" అని అడిగిండు. నేను కంచం తిప్పి చూపించిన. "నీ దిక్కున పెట్టుకుంటే నాకెట్ల కనపడతది" అని నన్నే అన్నడు.

ఇగ దుకాణంల చష్మాలు వాపస్ వచ్చుడు మొదలైంది. "నంబర్ బరాబర్ లేదు, నెత్తి నొప్పి పెడ్తున్నది" అని గిరాకీలు అదే అద్దం తెచ్చి నా ముంగట పెడ్తరు. నేను మళ్ళ అరగదీస్త, మళ్ళ వస్తది. అద్దాల కంపెనీ మోసమన్నడు. మిషన్ ముసల్దైంది అన్నడు. గిరాకీలకు చదువుడు రాదన్నడు. అందరి మీద తప్పు పెట్టిండు గాని తన కండ్ల మీద పెట్టలేదు. చెప్పినోళ్ళు చెప్పుకుంట పోయిన్రు, చెప్పనోళ్ళు రోడ్డుకు అవతల కొత్తగ పెట్టిన దుకాణానికి పోయిన్రు. సాయంత్రం ఖాతాలు ఇడిచే టైముకు మా బల్ల మీద జాగ లేకుండె ఒకప్పుడు. ఇప్పుడు ఆ టైముకే మేమిద్దరం రోడ్డు చూసుకుంట కూసునేటోళ్ళం.

"కండ్ల ప్రెషర్ చూపించుకో అయ్యా" అని నెత్తి నోరు కొట్టుకున్న. మా పనిల ఉన్నోళ్ళకు ఆ జబ్బు తెల్వనిది కాదు. నీటికాసులు అంటం మనం, ఈడ ఝామర్ అంటరు. నొప్పి ఉండదు, ఎర్రగ కాదు, పక్కల నుంచి చూపును కొంచెం కొంచెం తినుకుంట వస్తది. పోయింది వాపస్ రాదు. నలభై దాటినోడు ఎవడొచ్చినా "ఏడాదికొక్కసారి ప్రెషర్ చూపించుకో భాయ్, నిర్లక్ష్యం చెయ్యకు" అని మా ఆయననే పంపేటోడు. ఆ మాట పరదా ఇవతల నుంచి ఎన్నిసార్లు విన్ననో!

నాకు మాత్రం ఏం జవాబిచ్చిండు? "ఊరందరి కండ్లు చూసేటోన్ని, నా కండ్లు నాకు తెల్వదా?" అని క్యాబిన్లకు పోయి కుర్చీల కూసున్నడు. ఒక కన్ను అరచెయ్యితోటి మూసుకొని అద్దంల చూసుకుంట పైనుంచి కిందిదాక గడగడ చదివిండు. రెండో కన్ను మూసుకొని మళ్ళ చదివిండు. చివరి లైను దాక ఒక్క తప్పు లేదు. "ఇన్నవా? ఇగ బంద్ చెయ్ నీ లొల్లి" అన్నడు.

నేను సుత జర కుదుటపడ్డ. ఆయన అబద్ధమాడుతున్నడని ఇప్పటికీ అనుకోను. అదే నా బాధ. అబద్ధమైతే ఏదో ఒకనాడు దొరుకుతుండె, కొట్లాడి పట్టుకుంటుండె. ఆ అక్షరం కండ్లకు అందకముందే మనసు అందిస్తున్నది, ఆయనేమో చూస్తున్ననని అనుకుంటున్నడు. పొద్దున దుకాణం తెరవంగనే అగర్‌బత్తి పెట్టి అట్లనే కూసోని తన కండ్లు తను చూసుకునేటోడు. చూసుకున్న ప్రతిసారి పాస్ అయ్యేటోడు. వేరే పని చేసేటోడైతే అట్ల మోసపోయేటోడు కాదు. మగ్గం నడిపేటోడైతే దారం తెగంగనే తెల్సిపోతుండె.

చివరికి ఒకనాడు మా ఆయన సామాన్ తేవడానికి బజారుకు పోయినప్పుడు నేను మోటీబెన్‌కు ఫోన్ చేసిన. పెండ్లాం మొగుని పేరు ఫండుకు చెప్పుడేంది అని నాకే తల కొట్టేసినట్టయింది. చాయ్ సంగతి, టెంపో సంగతి, వాపస్ వచ్చిన చష్మాల సంగతి అన్నీ చెప్పిన. ఆమె అంతా విని, "వస్త బేటా" అన్నది.

వచ్చింది. పద్ధతి ప్రకారం ఇద్దరు రావాలె. ఆమెకు జోడీ మా ఆయననే కదా, గందుకే ఒక్కతే వచ్చింది. మధ్యాహ్నం పూట, రోడ్డు మీద ఎండ తప్ప ఇంకేం లేని టైముకు ఆటో దిగింది. చేతిల చష్మా పట్టుకొని "భాయ్, స్క్రూ వదులైంది, జర బిగించు" అన్నది.

మా ఆయన నవ్వుకుంట చష్మా అందుకున్నడు. ఏలుతోటి తడిమి, "బెన్, ఇది మీరే వదులు చేసిన్రు. ఎవరి దుకాణానికి పోవాలె ఇయ్యాల? ఆగండి, నా చష్మా స్క్రూ సుత వదులు చేస్త" అన్నడు. డెస్క్ మీదున్న, స్క్రూ తిప్పే చిన్న పేచ్‌కస్ కోసం చెయ్యి చాపిండు.

మోటీబెన్ మా బల్ల మీదనే కూసున్నది. నేను నేల చూసిన. ఆయన చెయ్యి అట్లనే ఆగిపోయింది. ఎవరి దుకాణానికో ఆయనకు అర్థమైంది. ముందుగాల ఆమె దిక్కు చూసిండు, తర్వాత నా దిక్కు తిరిగిండు. పెండ్లయిన సంది ఆయన నన్ను తిట్టిండు, అలిగిండు, అన్నం ముంగట నుంచి లేచిపోయిండు గాని అట్ల ఎప్పుడూ చూడలేదు.

తర్వాత గొంతు సవరించుకున్నడు. "రాండి బెన్, ఇంత దూరం వచ్చిన్రు, మీ నంబర్ సుత చూసి పంపిస్త" అన్నడు. పెద్ద గొంతుతోటి, రోడ్డు మీదోళ్ళకు వినపడేటట్టు. ఆమెను కుర్చీల కూసోబెట్టిండు, లైటు తీసేసిండు, డబ్బాల బల్బు ఏసిండు. పరదా సగమే ఏసిండు. నాకు చూపియ్యాలనే సగం ఏసిండని నాకు తెల్సు.

గుజరాతీ లైన్లు పెట్టిండు. మొదటి లైన్లు అయినయి. లెన్సుల పెట్టె కోసం అటు తిరిగి వంగిండు. అప్పుడు మోటీబెన్ చెయ్యి మెల్లగ పైకి లేపి తల పక్కనున్న పిడి తిప్పింది. అద్దంల గుజరాతీ పోయింది, చదువు రానోళ్ళ మూడు కాళ్ళ గుర్తులు వచ్చినయి. నేను కౌంటర్ ఎనక నుంచి చూస్తనే ఉన్న.

ఆయన వచ్చి ఆమె ముక్కు మీద ఫ్రేము పెట్టి అద్దం ఏసిండు. "చదవండి బెన్, కింది నుంచి రెండోది."

ఆమె చదివింది. అద్దంల లేని లైను, గుజరాతీ లైను, ఒక్కొక్క అక్షరం నిమ్మలంగ చదివింది. ఆమెకు సుత నోటికి వచ్చు కదా.

"బరాబర్" అన్నడు మా ఆయన. "ఇగ చివరిది."

చివరిది సుత చదివింది. "ఏక్‌దమ్ బరాబర్. మీ కండ్లకేమైంది బెన్, పడుచుపిల్లల కండ్లు మీయి!"

నేను ఇంకా అనుకుంటున్న, ఆయన అలవాటు అది, అద్దం చూడడు, మనిషిని చూస్తడు, గందుకే పట్టుకోలేదు అని. మోటీబెన్ సుత అట్లనే అనుకున్నదేమో, ఇంకొక మాట అడిగింది. "భాయ్, చివరి లైనుల నడిమిట్ల అక్షరం జర చెరిగినట్టున్నది, నువ్వొకసారి చూడు."

ఆయన అద్దం దిక్కు తిరిగిండు. మెడ ముంగటికి చాపి చూసిండు, తల అటు ఇటు వంచి చూసిండు. "లేదు బెన్, మంచిగనే ఉన్నది కదా" అన్నడు. ఆ అక్షరం పేరు సుత చెప్పిండు.

మోటీబెన్ ఫ్రేము తీసి ఆయన చేతిల పెట్టింది. లేచి ఆయన భుజం తట్టి, "అట్లనా, నాకే అట్ల కనపడ్డదేమో" అన్నది. నేను ఆమె ఎంట షట్టర్ దాక పోయిన. ఆమె కండ్లల్ల నీళ్ళు. "నువ్వే చెప్పు బేటా. నేను చెప్తే ఆయన మళ్ళ నా ముంగట తలెత్తడు. రేపే దవాఖాన" అని ఆటో ఎక్కింది.

నేను వాపస్ వచ్చేసరికి ఆయన కౌంటర్ మీద చెయ్యేసి నిలబడ్డడు. ముఖమంతా గెలుపు. "చూసినవా? నా మీదికే ఫండు పంపిస్తవా? అంతా చూసుకొని సంబురంగ పోయింది పెద్దక్క."

ఎప్పుడూ నాలిక మీద కోపమున్నదాన్ని, ఆ రోజు ఒక్క తిట్టు తిట్టలేదు. ఆయన చెయ్యి పట్టుకొని క్యాబిన్లకు తీస్కపోయిన. ట్యూబ్‌లైటు ఏసిన. "అద్దంల ఏమున్నది?" అని అడిగిన.

"గుజరాతీ."

"దగ్గరికి పో."

పోయిండు. ఇంకా దగ్గరికి పోయిండు. ముక్కు అద్దానికి తాకేదాక పోయిండు. అప్పుడు ఎనకకు తిరిగి డబ్బా మీద చెయ్యి పెట్టి ఏలుతోటి తడిమిండు. ఆ పిడి తిప్పిండు, మళ్ళ తిప్పిండు. తర్వాత గిరాకీల కుర్చీల కూలబడ్డడు.

"బెన్ తిప్పిందా?"

"ఆమెనే తిప్పింది."

"మరి సక్కగ చదివింది కదా."

"నీ లెక్కనే చదివింది."

నాకు ఆయన మీద జాలి కన్న ముందు కోపమే వచ్చింది, నిజం చెప్తున్న. పక్కపక్కన బతుకుతున్న మనిషికి సుత తెల్వకుండ ఇంత మబ్బుల ఎట్ల తిరిగినవయ్యా అని. ఆ కోపం ఎవరి మీద తీయాల్నో తెల్వక షట్టర్ గుంజి పడేసిన.

దవాఖానల కండ్ల డాక్టరమ్మ మన తెలుగు పిల్లనే, ఈ మధ్యనే సూరత్ వచ్చింది. "ఎట్లా కనిపిస్తోంది అంకుల్?" అని అడిగింది. "జర మసక" అన్నడు. అన్ని పరీక్షలు అయినంక సుత జర మసకనే అన్నడు. పక్క చూపు చూసే మిషన్ ముంగట కూసోబెట్టిన్రు. చిన్న చిన్న వెలుగులు అక్కడక్కడ వస్తయి, కనపడ్డప్పుడు బటన్ ఒత్తాలె. నేను ఎనక నిలబడ్డ. వెలుగులు వస్తనే ఉన్నయి, ఆయన ఏలు కదలదు. ఎప్పుడొస్తయో అని ఓపికగ ఎదురుచూసుకుంట కూసున్నడు, బస్సు కోసం కూసున్నట్టు.

డాక్టరమ్మ మెత్తగనే చెప్పింది. ఎడమ కన్ను అయిపోయింది. కుడిది సగం కన్న తక్కువున్నది, ఆపరేషన్ చేసి మందు ఏస్తే ఉన్నది నిలబడొచ్చు. "ఒక్క ఏడాది ముందు వచ్చుంటే ఎడమ కన్ను కూడా చాలావరకు దక్కేది అంకుల్, మీకు తెలియనిది కాదు" అన్నది. ఆ చివరి మాట మంచిగనే అన్నది పాపం. మా ఆయనకు మాత్రం చెంప మీద కొట్టినట్టు తాకింది.

ఆపరేషన్ ఖర్చు, రోజూ ఏసే మందు ఫండు చూసుకున్నది. ఆయన ఒక్క మాట అనకుండ ఒప్పుకున్నడు. కొట్లాట ఇంకోదానికి అయింది. దుకాణం బంద్ కావొద్దని మండలోళ్ళు వారాలు పెట్టుకున్నరు. అంటే వారానికి ఒక మెంబరు తన దుకాణం జరసేపు ఇడిచి వచ్చి మా క్యాబిన్ల కూసోని నంబర్ చూస్తడు, పైస తీసుకోడు. ఫండు అంటే ఉత్త రూపాయలే కాదు, ఇది సుత ఫండే. ఇంతకుముందు మా ఆయన సుత ఎందరి కుర్చీలల్లనో అట్ల కూసొని వచ్చిండు.

"నా కుర్చీల ఇంకొకడు కూసుంటడా?" అని గిన్నె ఇసిరిండు. మోటీబెన్ వచ్చింది, ఈసారి చేతిల చష్మా లేదు. "ఇది బిచ్చం కాదు భాయ్" అని మొదలుపెట్టింది. "ఆ మాట నాకే చెప్తున్నరా బెన్" అన్నడు ఆయన. ఆమె ఆ వారం ఎవరొస్తరో చెప్పి లేచింది. ఆమె పొయ్యేటప్పుడు నేను గల్లీల నిలబెట్టి అడిగిన, ఈ స్క్రూ నాటకాలెందుకు, ముందునుంచి సీదా అడిగే పద్ధతి ఉంటే ఈయన ఇన్ని రోజులు దాస్తుండెనా అని. "సీదా అడిగితే ఎవరూ తలుపు తెరవరు బేటా, మొదట్ల అడిగి చూసినం" అన్నది. అయినా ఆమె మీద కోపం మాత్రం కొన్ని రోజులు పోలేదు.

ఆపరేషన్ మంచిగైంది. కుడి కంటి ప్రెషర్ దిగింది. ఆ చలికాలం మండలి వాళ్ళందరం ఎప్పటి లెక్కనే డుమస్ బీచికి పోయినం. గాలి, ఇసుక, వేడి వేడి టమాట భజియాలు. నేను ఆయన ఎడమ పక్కకే నడిచిన, భజియా ప్లేటు ఎవరు అటునుంచి ఇచ్చినా నేనే అందుకున్న. చాప మీద అందరం కూసున్నంక సెక్రటరీ లేచి ఫండు పద్దు చదివిండు. "ఈ ఏడు ఒక మెంబరుకు ఆసరా అయినం" అన్నడు. అందరికీ తెల్సు. ఎవరూ మా దిక్కు చూడలేదు, అందరూ సముద్రం దిక్కు చూసిన్రు. చప్పట్లు కొట్టిన్రు. మా ఆయన అందరికన్న గట్టిగ కొట్టిండు, ఎవరికో పరాయోనికి సాయం అందినట్టు. ఆ చప్పట్లు చూసి నవ్వాల్నో ఏడ్వాల్నో నాకు తెల్వలేదు.

ఇంట్ల సుత అంతే. కండ్ల మాట వస్తే లేచిపోయేటోడు. దుకాణంల క్యాబిన్ బయట బల్ల మీద కూసునేటోడు. లోపట ఇంకొకరు "చదువు, ఇప్పుడు చదువు" అంటుంటే ఈయన పెదవులు కదిలేవి. గిరాకీలు అడిగితే "ఇయ్యాల రెస్టు తీసుకుంటున్న" అనేటోడు. రోజూ ఇయ్యాలనే.

హోలీ అయినంక ఒకనాడు కడోదరా నుంచి మా పాత గిరాకీ వచ్చిండు. మగ్గం పని చేస్తడు, మా దిక్కాయననే, మొదటి చష్మా నుంచి మా ఆయన దగ్గరనే చూపించుకున్నడు. ఆ రోజు లోపట కూసున్న మెంబరుకు తెలుగు రాదు. ఇతను పరదా జరిపి చూసి ఎనకకు వచ్చిండు.

"అన్నా, నువ్వే చూడాలె నాకు. గాయిన చేతిల నా కండ్లు పెట్ట."

"లోపటికి పో తమ్మీ, మంచిగ చూస్తడు."

"నువ్వు ఉత్తగనే కూసున్నవు గదా! గంత దూరం నుంచి బస్సుల నిలబడి వచ్చిన. లేవే అన్నా."

మా ఆయన రెస్టు మాట అంటడని చూసిన. అనలేదు. "నేను చూస్తే నీ నంబర్ తప్పుతది" అన్నడు.

"ఏంది?"

"నాకు కండ్లు కనపడ్తలెవ్వు. ఎడమది పోయింది. కుడిది సగం పోయింది. పోయినసారి నీకు ఇచ్చిన నంబర్ సుత తప్పే కావొచ్చు. లోపటికి పో."

అంత స్పష్టంగ, మామూలు గొంతుతోటి అన్నడు. నాకు ఒక్కనాడు చెప్పని మాట, పెద్దక్కకు చెప్పని మాట, డాక్టరమ్మకు జర మసక అని దాటేసిన మాట. ఎన్ని పొద్దులు కొట్లాడిన ఆ మాట కోసం! చేతుల్ల అద్దం పట్టుకొని మిషన్ ముంగట అట్లనే కూసున్న.

ఆ కడోదరా ఆయన బల్ల మీద కూలబడ్డడు. మా ఆయన చెయ్యి పట్టుకున్నడు. "ముందుగాల చెప్పకపోతివి అన్నా. మేమేమన్న పరాయోళ్ళమా?"

"చెప్పాల్సుండె తమ్మీ" అన్నడు మా ఆయన. "చెప్పాల్సుండె."